మడ అడవి ఖరీదెంత?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి నిలుచుండి, "మాస్టారూ! చెట్టు, చెరువు, గాలి, ఇవి యన్నియు ప్రకృతి మనకు ఉచితముగా ఇచ్చినవని పుస్తకములో నున్నది గదా. మరి నిన్నటి పత్రికలో అడవికి హెక్టారుకు ఇన్ని లక్షలని ఖరీదు వ్రాసినారు. ఉచితముగా వచ్చినదానికి ఖరీదెట్లు కట్టుదురు? కట్టినచో దానిని ఎవరైన కొనుక్కొని పోరా?" అని అడిగెను.

తెలుగు పాఠము చెప్పువాడనే గాని అర్థశాస్త్రము నా విద్య కాదు. ఆనాటికి ఏదో చెప్పి తప్పించుకొంటిని. తరువాత గణితోపాధ్యాయుల సాయముతో కొన్ని నివేదికలు చదివి, గ్రహించినంతవరకు ఇచట వ్రాయుచున్నాను. ఇందలి ముఖ్యోదాహరణము మన ఒడిషా తీరమున జరిగినది. నలుబదియేండ్లు దాటిన తల్లిదండ్రులలో దానిని మరచినవారుండరు. కనుక వారు కూడ ఈ వ్యాసమును చదువుదురని నా ఆశ.

మొదట ఒక కిరాణా వర్తకుని తలంచుకొనుడు. ఆతడు ప్రొద్దుననుండి రాత్రి దనుక సరుకులమ్మి, గల్లాపెట్టెలోని రొక్కము లెక్కించి, "ఈ దినము నాకు ఐదువేల రూపాయల లాభము" అని సంతసించుచున్నాడు. కొట్టులో సరుకెంత తరిగినదో చూడడు. అట్టివాని వ్యాపారము ఎన్నాళ్లు సాగును? మన వీధిలోని వర్తకుడెవ్వడును ఇంత తెలివితక్కువ పని చేయడు. ఏడాదికొకసారి నిల్వ సరుకు లెక్కచూచి, తరిగినది తీసివేసి, అటుపై మిగిలినదే లాభమని ఖాతా వ్రాయును.

కాని గొప్ప గొప్ప దేశములు తమ ఆదాయమును ఆ తెలివితక్కువ వర్తకుని వలెనే చిరకాలము లెక్కించినవి. ఒక సంవత్సరములో దేశమునందు తయారైన వస్తువుల యొక్కయు, జరిగిన సేవల యొక్కయు ధనరూపమైన మొత్తమును స్థూల దేశీయోత్పత్తి యందురు. అడవి నరికి కలప అమ్మినచో ఆ సొమ్ము ఇందు చేరును. నరకక నిలిపిన అడవి నీటిని పట్టి, గాలిని ఆపి, మన్నును కాచి ఎంత మేలు చేసినను, ఎవరును ఆ మేలునకు రొక్కమియ్యరు గనుక, చాలవరకు లెక్కలోనికే రాదు. తుపానులో ఇండ్లు కూలినచో మరల కట్టుటకైన ఖర్చు ఆదాయముగా చేరును. కూలిన ఇంటి నష్టము దానినుండి తీసివేయబడదు. యంత్రములు, కట్టడములు అరిగిన అరుగుదలను తీసివేసి చూపు నికరపు లెక్క యొకటి ఉన్నను, అందును అడవి తరుగునకు చిరకాలము చోటు లేకపోయెను.

ఈ లోపమును దిద్దుటకై చేయు పనినే పర్యావరణ గణనము అనుచున్నారు. అడవి, చెరువు, బీల, సముద్రతీరము వంటి వానిలో చెట్లు, జంతువులు, నేల, నీరు పరస్పరమాధారపడి బ్రదుకును. అట్టి కూడికను జీవావరణ వ్యవస్థ యందురు. దానివలన మనుష్యులకు కలుగు మేళ్లకు ప్రకృతి సేవలని పేరు. ఆ సేవలను కొలిచి, వీలైనచోట రూపాయలలో విలువ కట్టి, దేశపు ఖాతాకు ప్రక్కన మరియొక ఖాతాగా వ్రాయుట ఈ గణనము. చెప్పుటకు సులభమే. కొలుచుట యెట్లన్నదే చిక్కు. దానికై మన తీరమునకు పోవుదము.

1999వ సంవత్సరము అక్టోబరు నెలలో ఒడిషాను పండ్రెండు దినముల వ్యవధిలో రెండు తుపానులు కొట్టినవి. మొదటిది 17వ తేదీన మన గంజాం జిల్లాలో గోపాలపురము దగ్గర తీరము దాటెను. నేనప్పుడు చదువుకై పొరుగు రాష్ట్రమున నుంటిని. ఇంటినుండి కబురు లేక నేను పడిన ఆందోళన నాకు ఇప్పటికిని తెలియును. ఆ దెబ్బనుండి తేరుకొనకముందే 29వ తేదీన మహాతుపాను పారాదీపు సమీపమున విరుచుకొనిపడెను. గంటకు 260 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. సముద్రము ఉప్పెనయై ఊళ్లమీదికి వచ్చెను. సుమారు పదివేలమంది మరణించిరి. అందెక్కువమంది జగత్సింగుపూర్ జిల్లావారు. దానికి ఉత్తరమున నున్న కేంద్రపాడా జిల్లా కూడ మిక్కిలి నష్టపోయెను.

ఆ కేంద్రపాడా జిల్లాలో బ్రాహ్మణీ, వైతరణీ నదులు సముద్రమున కలియుచోట భితరకనికా యను మడ అడవి కలదు. మడ యనగా ఉప్పునీటిలో పెరుగు చెట్లు. సముద్రపు పోటు వచ్చినపుడు వీని మొదళ్లు మునుగును, తీసినపుడు బయటపడును. బురదలో గాలి యాడదు గనుక వేళ్లు కొన్ని పైకి మేకులవలె పొడుచుకొని వచ్చి ఊపిరి పీల్చును. కొన్నింటి వేళ్లు కొమ్మలనుండి దిగి ఊడలవలె బురదలో దిగబడును. ఆ వేళ్ల అల్లికలో చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెద్ద చేపలకు చిక్కక పెరుగును. గోదావరి ముఖద్వారమున కోరంగి అడవిని చూచినవారికి ఇది క్రొత్త గాదు. మడ, తిల్ల, పొన్న యని అచటి జాలరులు పేరు పేరున చెప్పగలరు.

భితరకనికా పూర్వము కనికా జమీందారులది. జమీందారీ పోయిన పిమ్మట జనము పెరిగి, వరిచేలకును ఊళ్లకును మడను చాల నరికిరి. తరువాత రొయ్యల చెరువులు వచ్చినవి. 1975లో అభయారణ్యముగను, 1998లో జాతీయ ఉద్యానముగను ప్రకటించుటచే మిగిలినది మిగిలెను. నరికినవారిని నిందింపరాదు. ఎకరము మడ కొట్టి వరి వేసినచో ఎన్ని బస్తాలు వచ్చునో ప్రతి రైతునకు తెలియును. నిలిపినచో ఏమి వచ్చునో చెప్పినవారెవరు? ఖాతాలో ఒక ప్రక్క బస్తాలు, రెండవ ప్రక్క ఖాళీ. ఖాళీని మనుష్యులు సున్న యనియే చదువుదురు.

మహాతుపాను పిదప ఆ ఖాళీని పూరించుటకు ప్రయత్నించినవారిలో బడోలా, హుస్సేన్ అను శాస్త్రజ్ఞులు కలరు. వారి వ్యాసము 2005లో వెలువడెను. భితరకనికా ప్రాంతమున మూడు పల్లెలను తీసికొనిరి. బంకువాల్ అను పల్లెకును సముద్రమునకును నడుమ మడ అడవి కలదు. సింగిడికి అడవియు లేదు, గట్టును లేదు. బంధమాల్‌కు అడవి లేదు గాని సముద్రపునీరు రాకుండ ప్రభుత్వము కట్టిన మట్టిగట్టు కలదు. ఇంటింటికి పోయి, తుపానులో ఇల్లు, పశువులు, పంట, సామాను ఎంత నష్టమైనదో అడిగి లెక్కించిరి.

ఫలితమును ఊహింపుడు. అడవి చాటున నున్న పల్లెకు తక్కువ, ఏమియు లేని పల్లెకు ఎక్కువ, గట్టున్న పల్లెకు రెంటి నడుమ అని మీరనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. వారు డాలర్లలో ప్రకటించిన లెక్క ఇది: ఇంటికి సగటు నష్టము బంకువాల్‌లో 33, సింగిడిలో 44, గట్టున్న బంధమాల్‌లో 153. అనగా గట్టు కట్టిన ఊరే అందరికంటె ఎక్కువ చెడెను. కారణమేమనగా, ఉప్పెనకు గట్టు అక్కడక్కడ తెగి సముద్రపునీరు లోపలికి వచ్చెను. వచ్చిన నీరు మరల బయటికి పోవుటకు తెగక మిగిలిన గట్టే అడ్డమయ్యెను. పొలములలో ఉప్పునీరు నిలిచిపోయెను. గట్టుకైన ఖర్చు ప్రభుత్వ ఖాతాలో ఆస్తిగా చేరియుండును. దానికంటె మేలు చేసిన అడవి ఏ ఖాతాలోను లేదు.

మూడు పల్లెలతో ఇంత పెద్ద మాట చెప్పవచ్చునా యని గణితోపాధ్యాయులు నన్ను ఆక్షేపించిరి. అది న్యాయమైన ఆక్షేపణయే. ఒక ఊరు పల్లమున నుండవచ్చును, వేరొక ఊరు తుపాను దారికి దూరముగా నుండవచ్చును. ఈ సందేహమునకు సమాధానముగా సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనువారు 2009లో కేంద్రపాడా జిల్లాలోని నాలుగువందలకు పైగా గ్రామములను పరీక్షించి వ్యాసము ప్రకటించిరి. ప్రతి గ్రామమునకును తీరమునకును నడుమ మడ ఎంత వెడల్పున్నదో కొలిచి, ఇతర కారణములను వేరుచేసి, మరణములతో పోల్చిచూచిరి. మడ వెడల్పుగా నున్నచోట మరణములు తగ్గినవని తేలెను. ఆ మడయే లేకున్నచో, తీరమునకు పది కిలోమీటర్ల లోపల నున్న ఊళ్లలో సగటున ఊరికి 1.72 మరణములు అధికముగా సంభవించియుండెడివని వారి గణనము.

ఆ వ్యాసములోనే మరియొక మాట కలదు, దానిని దాచుట ధర్మము కాదు. మడ కాపాడిన ప్రాణములకంటె ప్రభుత్వము ముందుగా చేసిన హెచ్చరికవలన దక్కిన ప్రాణములే ఎక్కువ. చెట్లున్నవి గదా యని తుపాను వేళ ఇంట కూర్చుండరాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను మరల మన గోపాలపురము దగ్గరనే తీరము దాటినపుడు ముందుగా లక్షలాది జనమును తరలించుటచేతనే మరణములు పదులతో ఆగినవి. కాని హెచ్చరిక మనుష్యులను లేపుకొనిపోగలదు. ఇంటిని, చేనును మోసికొనిపోలేదు.

ఇక రూపాయల సంగతి. అదే సౌదామినీ దాస్ గారు 2007లో ప్రకటించిన పరిశోధనలో ఒక లెక్క కట్టిరి. మడ యుండుటవలన తప్పిన నష్టమును గణించి చూచినచో, 1999 అక్టోబరు నాటికి మడతో నిండియున్న నేల హెక్టారు విలువ సుమారు 3,60,000 రూపాయలు. మడ నరికి చదును చేసిన నేల బజారులో హెక్టారు సుమారు 2,08,000 రూపాయలకు అమ్ముడుపోయినది. అనగా నరికిన ప్రతి హెక్టారు వలనను ఒకటిన్నర లక్షల రూపాయలకు పైగా నష్టము. నరికినవానికి గాదు. వానికి రెండు లక్షల లాభము. నష్టము వెనుకనున్న ఊరిది. నా దృష్టిలో ఈ గణనమునకు గల ప్రయోజనమంతయు ఈ రెండు అంకెలను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూపుటలోనే యున్నది.

ఇట్టి లెక్క ఎట్లు కట్టుదురో ఊహకు ఒక చిన్న ఉదాహరణము. పలకమీద వేసికొనుడు. ఒక అడవిముక్క పెద్ద తుపాను వచ్చినపుడు 1,00,000 రూపాయల నష్టమును తప్పించుననుకొందము. అట్టి తుపాను ఇరువదియేండ్లకొకసారి వచ్చును. అప్పుడు అడవి చేయు సేవ సగటున ఏడాదికి 5,000 రూపాయలు. ఏటేట 5,000 ఇచ్చు ఆస్తికి ఇప్పుడెంత ఇయ్యవచ్చును? చీటీ పాటలో సొమ్ము ముందుగా కావలసినవాడు కొంత తగ్గించుకొని పాడుకొనును గదా. రేపటి రూపాయి నేటి రూపాయికంటె తక్కువ యని దాని అర్థము. ఎంత తక్కువ యన్నది వడ్డీనిబట్టి యుండును. వడ్డీ నూటికి ఐదైనచో ఏటా 5,000 రావలెనన్న 1,00,000 రూపాయలు కావలెను. కనుక అడవి విలువ 1,00,000. వడ్డీ నూటికి పది యన్నచో 50,000 చాలును. అడవి అదే, తుపాను అదే. కార్యాలయములో ఒకరు వడ్డీ రేటు మార్చి వ్రాసినంతమాత్రమున అడవి వెల సగమైపోయెను. పత్రికలో అడవి విలువ ఇన్ని కోట్లని చదివినపుడు, ఏ వడ్డీకి కట్టినారని అడుగుట నేర్చుకొనవలెను.

తప్పిన నష్టమును లెక్కించుట ఒక మార్గము. ప్రకృతి చేయు పనిని మనము యంత్రములతో చేయించినచో ఎంతగునో చూచుట మరియొకటి. కలకత్తా నగరపు మురుగునీరు తూర్పున నున్న చెరువులలోనికి పోవును. ఎండ, నాచు, చేపలు కలిసి దానిని శుద్ధిచేయును. ఆ చేపలు, ఆ నీటితో పండిన కూరగాయలు మరల నగరమునకే వచ్చును. పండ్రెండువేల హెక్టార్లకు పైబడిన ఈ చెరువుల ప్రాంతము 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలల పట్టికలో చేరెను. వీనిని పూడ్చి ఇండ్లు కట్టినచో నగరము మురుగునీటి శుద్ధికి యంత్రాగారములను కట్టుకొనవలసివచ్చును. ఆ ఖర్చే చెరువుల సేవకు ఒక కొలత.

మూడవ పద్ధతి జనులనే అడుగుట: "ఈ అడవి నిలుచుటకు మీరు ఎంత ఇత్తురు?" అని. ఇది నాకు అంతగా రుచింపలేదు. లేనివాని చేతిలో ఇచ్చుటకేమున్నది? వాడు పదిరూపాయలన్నచో అది అడవి విలువ కాదు, వాని జేబు లోతు.

ఈ దోషము మొదటి పద్ధతిలోను లేకపోలేదు. మరల ఆ మూడు పల్లెలను చూడుడు. సింగిడిలో ఇంటికి నష్టము 44 డాలర్లే ఏల? తుపాను దయ తలచినందున మాత్రము గాదు. పోగొట్టుకొనుటకు వారికి ఉన్నదే స్వల్పము. తాటాకు ఇల్లు, నాలుగు కుండలు, ఒక మేక. అదే అడవి ఒక ధనికుల బస్తీకి అడ్డుగా నున్నచో, తప్పిన నష్టము కోట్లలో తేలి, ఆ అడవి విలువ వందరెట్లగును. అంకెలను మాత్రము నమ్ముకొన్న అధికారి బీదల ఊరి ముందరి అడవిని నరికి, ధనికుల ఊరి ముందరి అడవిని నిలుపుటయే లాభకరమని తీర్పు చెప్పవచ్చును. లెక్కలో తప్పుండదు. ఏడాది తిండిగింజలు పోయిన కుటుంబమునకు 44 డాలర్లు ఎంతటివో చెప్పు గడి మాత్రము ఆ పట్టికలో నుండదు. మన పిల్లలలో పలువురి ఇండ్లు సముద్రపు ఒడ్డున, వలల ప్రక్కన నున్నవి. ఈ సంగతి వారి పెద్దలు గుర్తింపవలెను.

ప్రాణమునకు వెల కట్టుట ఇంకను కష్టము. అయినను కట్టుచున్నారు. దానివలన తెలియవచ్చిన ఒక సంగతి ఆశ్చర్యకరమైనది. 1990 తరువాత మన దేశమున రాబందులు దాదాపు నశించినవి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు మాంసముద్వారా వానిని చంపినదని 2004లో కనుగొనిరి. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడెను. రాబందులు లేక కళేబరములు కుళ్లి, నీరు చెడి, కుక్కలు పెరిగి, 2000 నుండి 2005 వరకు సుమారు ఐదు లక్షలమంది అదనముగా మరణించిరనియు, దానివలని నష్టము ఏడాదికి 69 బిలియన్ డాలర్లనియు 2024లో ఇరువురు ఆర్థికవేత్తలు గణించిరి. బిలియన్ అనగా నూరు కోట్లు. ఊరి బయట అసహ్యముగా వాలియుండు ఆ పక్షికి మన పెద్దలు ఎన్నడైన జీతమిచ్చిరా?

ఇట్టి లెక్కలను ఎంతవరకు సాగదీయవచ్చును? 1997లో రాబర్ట్ కోస్టాంజా మొదలగు శాస్త్రజ్ఞులు భూగోళమంతటి ప్రకృతి సేవలకు ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లని విలువ కట్టిరి. ఆనాటి ప్రపంచదేశముల ఆదాయమంతయు కలిపినను 18 లక్షల కోట్లే. జనుల దృష్టిని ఆకర్షించుటకు ఆ అంకె ఉపకరించెను. కాని నాకు అది తల బరువెంతయని అడుగుట వలె తోచును. గాలి, నీరు మొత్తము పోయినచో డబ్బు లెక్కించువాడే యుండడు. ఈ హెక్టారు నరకుదమా, ఉంచుదమా యను ప్రశ్నకు అంకె సమాధానము చెప్పగలదు. ప్రకృతి సమస్తము ఉండవలెనా యను ప్రశ్నకు చెప్పలేదు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నలోని రెండవ భాగమునకు వత్తును. ఖరీదు కట్టినచో ఎవరైన కొనుక్కొని పోరా?

ఖరీదు అను మాట పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో దానికి కొనుట యని అర్థము. కనుక ఆ మాట వాడినంతనే అమ్మకము స్ఫురించును. విలువ యన్నచో అట్లు కాదు. మీ ఇంట అమ్మ వండిపెట్టుచున్నది, పెద్దవారికి సేవ చేయుచున్నది. ఈ పని దేశాదాయములో చేరదు. వంటమనిషిని పెట్టుకొన్నచో ఆమె జీతము చేరును. అమ్మ చేయు పనికి జీతమైనచో ఎంతగునని లెక్కించినంతమాత్రమున అమ్మను అమ్మజూపినట్లు కాదు. ఆమె పనిని లెక్కలేనిదిగా చూచు ఇంటివారికి అది తెలియవలసిన అంకె. వ్యాసమునకు నేను పెట్టిన పేరులోనే ఖరీదు అను మాట పొరపాటున పడినది. విద్యార్థి మాట గనుక దిద్దక ఉంచితిని.

అయినను ఆతని భయము నిరాధారము కాదు. విలువగా పుట్టిన అంకె ఖరీదుగా మారిన సందర్భము మన దేశముననే కలదు. గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2005లో, అటవీభూమిని గనులకో కర్మాగారములకో మళ్లించువారు అడవి యొక్క నికర వర్తమాన విలువను చెల్లింపవలెనని నిర్ణయించెను. మనము పలకమీద వేసిన వడ్డీ లెక్కవంటి దానికే ఆ పేరు. దానిని కట్టు విధమును సూచించుటకు కాంచన్ చోప్రా గారి అధ్యక్షతన సంఘము ఏర్పడెను. 2008లో కోర్టు అడవి రకమునుబట్టి, దట్టమునుబట్టి హెక్టారుకు 4.38 లక్షలు మొదలు 10.43 లక్షల వరకు రేట్లు స్థిరపరచెను. అభయారణ్యమైనచో ఐదు రెట్లు, జాతీయ ఉద్యానమైనచో పది రెట్లు. 2022లో ఆ రేట్లు పెంచబడినవి. అంతకుముందు అడవి పోయినను ఇంత సొమ్ము చెల్లించువారు లేరు గనుక ఇది మేలే. కాని సొమ్ము కట్టితిని గదా, ఇక నరుకుదునను ధైర్యము కూడ దీనితో వచ్చెను. ఆ సొమ్ముతో వేరొకచోట మొక్కలు నాటుదురు. అక్కడ అవి పెరుగవచ్చును, చావవచ్చును. పెరిగినను ఒక్క మాట: బంకువాల్ ముందరి మడను నరికి, బదులుగా కొండప్రాంతమున టేకు నాటినచో, బంకువాల్‌కు ఉప్పెన ఆగునా? ప్రకృతి సేవకు ఊరు, పేరు ఉన్నవి. రూపాయికి లేవు.

అసలు అంకెకు లొంగని విలువలును కలవు. రాయగడలో బంధువులున్నవారు నియమగిరి కథ వినియేయుందురు. అచట బాక్సైటు గని త్రవ్వవలెనా యను ప్రశ్న వచ్చినపుడు సుప్రీంకోర్టు 2013 ఏప్రిలులో ఆ విషయమును గ్రామసభలకే విడిచిపెట్టెను. పండ్రెండు గ్రామసభలు కూడినవి. పండ్రెండును వలదనినవి. ఆ కొండ డోంగ్రియా కోందులకు నియమరాజు నివాసము. వారిని "హెక్టారుకు ఎంత?" అని అడుగుట ప్రశ్నయే గాదు. గణించుట నేర్చినవారు ఎచట గణనము ఆపవలెనో కూడ నేర్వవలెనని నా అభిప్రాయము.

ప్రభుత్వ ఖాతాలు ఇప్పుడెంతవరకు వచ్చినవో క్లుప్తముగా చెప్పుదును. ఐక్యరాజ్యసమితి 1993లో పర్యావరణ గణనమునకు మొదటి మార్గదర్శిని వెలువరించెను. 2012లో మూలపద్ధతిని ఆమోదించెను. 2021లో జీవావరణ వ్యవస్థల లెక్కకు ప్రత్యేకపద్ధతిని స్వీకరించెను. మన దేశమున పార్థ దాస్‌గుప్తా గారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము 2013లో నివేదిక నిచ్చెను. కేంద్ర గణాంకశాఖ 2018 నుండి పర్యావరణ గణాంకములను, లెక్కలను పుస్తకములుగా ప్రకటించుచున్నది. 2025లో ఆమోదింపబడిన అంతర్జాతీయ జాతీయాదాయ పద్ధతి, గనులు, చమురు వంటి వనరుల తరుగును ఉత్పత్తి ఖర్చుగా నికర ఆదాయమునుండి తీసివేయుమనుచున్నది. కిరాణా వర్తకుని తెలివి ఇంతకాలమునకు కొంత వచ్చినదన్నమాట. మడ చేయు కాపుదల వంటి సేవలు మాత్రము ఇప్పటికిని ప్రక్కఖాతాలోనివే.

ఈ ప్రక్కఖాతాలో నాకు నచ్చిన అంశము క్రమము. రూపాయలు చివర వచ్చును. ముందు అడవి ఎన్ని హెక్టార్లున్నదో వ్రాయుదురు. పిదప అది ఏ స్థితిలో నున్నదో, ఆపై అది ఏ సేవ ఎవరికి చేయుచున్నదో వ్రాయుదురు. వీలైనచోటనే విలువ. ఇందు మొదటి మూడు గడులను పూరించుటకు అర్థశాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కొలతాడు, కన్నులు, అడిగి తెలిసికొను ఓర్పు చాలును.

కావున ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు ఒక పని చెప్పుచున్నాను. మీ ఊరి చెరువునో, తీరమున నున్న సరుగుడు తోటనో, పెద్ద మఱ్ఱిచెట్టునో ఒకదానిని తీసికొని ఈ నాలుగు గడుల పట్టిక వ్రాయుడు. మీ తాతగారిని, అవ్వను, చేపలు పట్టువారిని, పశువులు కాయువారిని అడుగుడు. తెలుగువారినే గాక ప్రక్కవీధి ఒడియావారిని కూడ అడుగుడు. చెరువు వారికిని మనకును ఒక్కటే. వారు చెప్పిన చెట్ల పేర్లు, చేపల పేర్లు వారి మాటలోనే వ్రాసికొని రండు, తెలుగుపేరు మనము కలిసి వెదకుదము. నాలుగవ గడిలో ఏ పద్ధతిని కట్టితిరో తప్పక వ్రాయుడు. కట్టలేకపోయినచో సున్న వేయక "తెలియదు" అని వ్రాయుడు. దసరా సెలవులు ముగిసిన మొదటి సోమవారము పట్టికలు తేవలెను. మంచివానిని వచ్చే సంచికలో అచ్చు వేయుదుము.